సేనాపతులను చదివింది చాలు: జోనాథన్ లెటర్మన్ గ్రంథం గురించి

అమెరికా అంతర్యుద్ధం మీద ఆసక్తి గల తెలుగు పాఠకుని పుస్తకాల అరలో సాధారణంగా నలుగురుంటారు: లింకన్, గ్రాంట్, షెర్మన్, లీ. కాస్త ముందుకు వెళ్ళినవారి అరలో గెటిస్‌బర్గ్ మూడు రోజుల మీద ఒక లావుపాటి సంపుటం, అందులో బాణపు గుర్తులతో నిండిన పటాలు కూడా ఉంటాయి. ఏ దళం ఏ గుట్ట ఎక్కింది, ఎవరు ఎవరిని పక్కనుంచి ముట్టడించారు, ఎవరి మొండితనం వల్ల ఎవరు ఓడిపోయారు అన్న ప్రశ్నలకు మన సాహితీ మిత్రులు తడుముకోకుండా సమాధానం చెప్పగలరు. ఆ గుట్ట కింద పడిపోయిన పద్నాలుగు వేలమందిని ఎవరు ఎత్తారు, దేనిలో ఎత్తారు, ఎక్కడికి మోశారు అని అడిగితే మాత్రం అందరూ మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని నేను అజ్ఞానమనను. అది మన అభిరుచి. దానితోనే నా తగవు.

నేనిక్కడ పరిచయం చేయదలచిన గ్రంథం 1866లో న్యూయార్కులో అచ్చయింది. పేరు ‘మెడికల్ రికలెక్షన్స్ ఆఫ్ ది ఆర్మీ ఆఫ్ ది పొటోమాక్’. రచయిత జోనాథన్ లెటర్మన్. 1862 జూలై మొదలు 1864 జనవరి దాకా ఉత్తరాది ప్రధాన సైన్యానికి వైద్యాధికారి. రెండు వందల పుటలు దాటని చిన్న పుస్తకం. ఇందులో వీరరసం లేదు. శత్రువు మీద ద్వేషమూ లేదు, తన మీద జాలీ లేదు. అంబులెన్సు బళ్ళెన్ని, గుర్రాలెన్ని, ఉల్లిపాయలెప్పుడు వచ్చాయి, గుడారాలెందుకు రాలేదు, ఏ ఉత్తర్వు ఏ తేదీన వెలువడింది అన్నవే ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా యుద్ధాలను అర్థం చేసుకోవడానికి ఏ సేనాపతి జీవితచరిత్ర కన్నా ఈ పొడి పుస్తకమే ఎక్కువ అక్కరకు వస్తుందని నా వాదన. పది జీవితచరిత్రలు చదివి దీనిని తెరవని పాఠకుడు యుద్ధం గురించి చదివాననుకోవడం ఒక భ్రమ అని కూడా అంటాను.

ముందుగా అంకెలు. 1846–48 మధ్య మెక్సికోతో జరిగిన యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 13,000 మందిని పోగొట్టుకుంది. అందులో శత్రువు చేతిలో మరణించినవారు సుమారు 1,700 మంది. తక్కినవారిలో అత్యధికులను విరేచనాలు, జ్వరాలు, మురికినీరు చంపాయి. ఈ కాలిఫోర్నియా ఆ యుద్ధంలోనే అమెరికా చేతికి వచ్చింది. శాన్ రామన్ లోయలో ఈనాడు మనం ఇళ్ళు కొనుక్కుంటున్న నేల మీద జెండా మారడానికి అమెరికా చెల్లించిన మూల్యంలో ఎనిమిదింట ఏడు వంతులు రోగానికి పోయాయన్నమాట. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన మరణించిన సుమారు 3,60,000 మందిలో యుద్ధరంగపు గాయాలతో పోయినవారు 1,10,000 మంది. వ్యాధులతో పోయినవారు దానికి రెట్టింపు. అయినా యుద్ధ గ్రంథాలలో నూటికి తొంభై పుటలు ఆ మూడో వంతు మరణాల గురించే. మిగిలిన రెండు వంతుల గురించి ఒక అనుబంధం ఉంటుంది. ఒక్కొక్కప్పుడు అదీ ఉండదు.

లెటర్మన్ రాకముందు పరిస్థితి ఎలా ఉండేదో చూడండి. అంబులెన్సు బళ్ళు వైద్యశాఖ అధీనంలో ఉండేవి కావు. సైన్యానికి బళ్ళు, గుర్రాలు, బట్టలు, గుడారాలు సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ శాఖ చేతిలో ఉండేవి. అధికారులు వాటిలో తమ సామాను వేసుకునేవారు, తామూ ఎక్కి తిరిగేవారు. బండి తోలేవారు చాలాచోట్ల కూలికి వచ్చిన పౌరులు. తుపాకీ పేలిన వెంటనే పరుగెత్తేవారు, వెంట ఉన్న విస్కీ తాగేసేవారు. క్షతగాత్రులను మోయడం పటాలంలోని వాద్యగాళ్ళ పని. వాళ్ళకు ఆ పనిలో శిక్షణ లేదు. ఇంకెవరూ లేకపోతే పక్కనున్న సిపాయిలే తుపాకీ దించి స్నేహితుణ్ణి మోసుకుపోయేవారు. పోయినవారిలో చాలామంది తిరిగి వచ్చేవారు కారు. 1862 ఆగస్టు చివర జరిగిన రెండో బుల్ రన్ యుద్ధంలో జనరల్ పోప్ సేనకు పక్కా అంబులెన్సు వ్యవస్థ లేదు. మనుషులు రోజుల తరబడి, కొందరు దాదాపు వారం పాటు, ఆ ఎండలోనే పడి ఉన్నారు. దాహంతో చనిపోయారు. రాజధాని వాషింగ్టన్ అక్కడికి ముప్పై మైళ్ళు కూడా లేదు.

అదే ఆగస్టు 2వ తేదీన, పోప్ సేనకు పక్కనే ఉన్న మరో సేనలో, లెటర్మన్ రాసిన పథకం సేనాపతి మెక్లెల్లన్ సంతకంతో ఉత్తర్వుగా వెలువడింది. నిజానికి ఈ గ్రంథానికి గుండెకాయ ఆ ఉత్తర్వే. పటాలానికి ఇన్ని బళ్ళు, బండికి ఒక తోలేవాడు, ఇద్దరు మోసేవారు. బ్రిగేడుకు, డివిజనుకు, కోరుకు ఒక్కొక్క బాధ్యుడైన అధికారి. టోపీకి రెండంగుళాల ఆకుపచ్చ పట్టీ, చేతులకు ఆకుపచ్చ గుర్తు. ఆ గుర్తు ఉన్నవాడు తప్ప వేరెవ్వరూ క్షతగాత్రులను వెనక్కు మోయరాదు. రోగులను, మందులను తప్ప వేరే దేనినీ ఆ బళ్ళలో వేయరాదు. రోజూ కసరత్తు చేయాలి. పడుకోబెట్టడం, ఎత్తడం, దించడం అలవాటు కావాలి. ఎంత మామూలు మాటలు! ఒక గుమాస్తా రాసినట్లే ఉంటాయి. కాని సెప్టెంబరు 17న యాంటీటమ్ వద్ద ఒక్క పగటిలో రెండు పక్షాలవారూ కలిసి సుమారు 23,000 మంది చనిపోయి, గాయపడి, గల్లంతైనప్పుడు, ఆ గుమాస్తా మాటల పుణ్యాన ఉత్తరాది సేన పరిధిలో పడినవారిలో దాదాపు అందరూ మరునాటికల్లా ఒక కప్పు కిందికి చేరారు. అప్పటికి వ్యవస్థ ఇంకా అన్ని దళాలకూ చేరనే లేదు. బుల్ రన్‌కూ యాంటీటమ్‌కూ నడుమ మూడు వారాలు కూడా లేవు. ఆ మూడు వారాలలో వైద్యశాస్త్రం అంగుళం ముందుకు నడవలేదు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియదు, శస్త్రచికిత్స కత్తులను ఎవరూ మరగబెట్టలేదు. ఒక సేనకు ఉత్తర్వు ఉంది, మరో సేనకు లేదు. తేడా అంతే.

ఈ విషయం వైద్యుడినైన నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మా వృత్తిలో గొప్ప ఆవిష్కరణలను పూజిస్తాం. కొత్త మందు, కొత్త యంత్రం, కొత్త శస్త్రచికిత్స. లెటర్మన్ ఏదీ కనిపెట్టలేదు. ఉన్న మనిషిని, ఉన్న బండిని, ఉన్న కట్టుగుడ్డను అవసరమైన చోటికి, అవసరమైన వేళకు చేర్చాడు. ముందు పంక్తి వెనుక ప్రథమ చికిత్సా స్థలం, దాని వెనుక డివిజను ఆసుపత్రి, ఇంకా వెనుక పట్టణాలలోని పెద్ద ఆసుపత్రులు. ప్రతి అంచెలోనూ ఎవరికి ముందు చికిత్స చేయాలో నిర్ణయించే బాధ్యుడు. ఈనాడు ఏ నగరంలోనైనా రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు నడిచే క్రమం ఇంచుమించు ఇదే. ఇంతటి పనికి ఆయన ఆయుధం కలం ఒక్కటే. హోదా మేజరు హోదా.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం రణరంగం గురించినది కానే కాదు. 1862 జూలైలో జేమ్స్ నది ఒడ్డున హారిసన్స్ లాండింగ్ వద్ద ఓడి, అలిసి, ఎండలో మగ్గుతున్న సైన్యాన్ని లెటర్మన్ తొలిసారి చూసినప్పటిది. అక్కడ స్కర్వీ మొదలైంది. ఆయన మందుల పెట్టె వైపు చూడలేదు. తాజా కూరగాయలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, నిమ్మకాయలు తెప్పించాడు. బావులు తవ్వించాడు. గుడారాలను కొత్త నేల మీదికి జరిపించాడు. ఎవరి వంట వారు వండుకోకుండా బృందాలుగా వండించాడు. చెత్త పూడ్పించాడు. వంట సరిగా లేకపోవడం కూడా శత్రువేనని గ్రహించిన సైనికాధికారి ఇతడు. మన యుద్ధ సాహిత్యాభిమానులలో ఎంతమందికి ఈ ఉల్లిపాయల కథ తెలుసు?

ఇక్కడ కథలోకి ఒక ప్రతినాయకుడు రావాలి. వస్తాడు. మన శాన్ ఫ్రాన్సిస్కో నుంచే వస్తాడు. హెన్రీ హాలెక్. ఆనాటి అమెరికా సైన్యంలో మహాపండితుడని పేరు. 1846లో యుద్ధకళ మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. అదే సంవత్సరం కాలిఫోర్నియాకు ఓడలో వస్తూ జోమినీ రాసిన నెపోలియన్ జీవితాన్ని అనువదించాడు. ఇక్కడి సైనిక ప్రభుత్వంలో కార్యదర్శి అయ్యాడు. తర్వాత న్యాయవాదిగా ధనం గడించి, 1853లో శాన్ ఫ్రాన్సిస్కోలో మోంట్‌గోమరీ బ్లాక్ అనే ప్రసిద్ధ భవనం కట్టించాడు. 1862లో అమెరికా సైన్యాలన్నిటికీ ప్రధాన సేనాపతి. లెటర్మన్‌ను నియమించిన సర్జన్ జనరల్ విలియం హామండ్ ఆ సెప్టెంబరులోనే అన్ని సైన్యాలకూ ఒక అంబులెన్సు దళం కావాలని ప్రతిపాదించాడు. బుల్ రన్ మృతుల ఒళ్ళు ఇంకా చల్లారలేదు. సైన్యాల వెంట నడిచే బళ్ళ బారు ఇప్పటికే ఎక్కువైందన్న వాదనతో హాలెక్ దానిని తోసిపుచ్చాడు.

హాలెక్ క్రూరుడు కాడు. బాగా చదువుకున్నవాడు. ఆ చదువులోనే లోపం ఉంది. నెపోలియన్‌ను అనువదించినవాడికి సైన్యమంటే రేఖలు, కోణాలు, కేంద్రీకరణ. బండి ఒక ఆటంకం. క్షతగాత్రుడు లెక్కలోంచి తీసివేయబడిన అంకె. మనం ఏ పుస్తకాలు చదివి యుద్ధాన్ని అర్థం చేసుకుంటున్నామో హాలెక్ కూడా అవే చదివాడు. వాటి నుంచి మనం పొందే ఆనందం ఆయనా పొందాడు. ఆ ఆనందానికి మూల్యం మరొకరు చెల్లించారు. 1863 మార్చిలో కెల్లీస్ ఫోర్డ్ వద్ద గాయపడిన ఒక యువ అధికారికి అంబులెన్సు అందలేదు. అతడు చనిపోయాడు. అతని తండ్రి బోస్టను వైద్యుడు హెన్రీ బౌడిచ్. ఆ దుఃఖంతో ఒక కరపత్రం అచ్చువేసి దేశాన్ని నిలదీశాడు. చివరకు 1864 మార్చి 11న కాంగ్రెసు చట్టం చేసి లెటర్మన్ పద్ధతిని అన్ని సైన్యాలకూ విస్తరింపజేసింది. యుద్ధం మొదలై అప్పటికి మూడేళ్ళు కావస్తోంది.

హామండ్‌కు దక్కిన బహుమానం కూడా చెప్పాలి. పాదరసపు మందు కాలొమెల్‌ను 1863లో సైనిక మందుల జాబితా నుంచి తొలగించాడు. అది నిస్సందేహంగా మేలే. కాని తోటి వైద్యులు తిరగబడ్డారు. యుద్ధమంత్రి స్టాంటన్‌తో ముందే పొసగలేదు. 1864లో సైనిక న్యాయస్థానం ఆయనను దోషిగా తేల్చి తొలగించింది. ఆ తీర్పు రద్దు కావడానికి 1879 దాకా పట్టింది. ఆ డిసెంబరులోనే లెటర్మన్ కూడా సైన్యానికి రాజీనామా ఇచ్చి కాలిఫోర్నియాకు వచ్చాడు.

సేనాపతులను చదవవద్దని నేననడం లేదు. చదివేవారు వారినైనా సరిగా చదవడం లేదని అంటున్నాను. గ్రాంట్ ఆత్మకథను గొప్ప గద్యమని మెచ్చుకుంటాం. గొంతు క్యాన్సరుతో బాధపడుతూ, 1885 జూలైలో మరణానికి కొద్ది రోజుల ముందు ముగించాడని చెప్పుకుంటాం. కాని అదే గ్రంథంలో 1852 నాటి పనామా ప్రయాణం దగ్గర ఎవరు ఆగుతున్నారు? ఈ తీరానికి, శాన్ రామన్ నుంచి 680 రహదారి మీద ఉత్తరంగా అరగంట దూరంలో ఉన్న బెనీషియాకు, వస్తున్న నాలుగో పదాతి దళానికి అప్పుడు గ్రాంట్ క్వార్టర్‌మాస్టరు. దారిలో కలరా తగిలింది. బేరం కుదుర్చుకున్న గాడిదలు రాలేదు. గ్రాంట్ ఎక్కువ ధర ఇచ్చి, తన బాధ్యత మీద, మనుషులను దాటించాడు. న్యూయార్కులో ఓడ ఎక్కినవారిలో ఏడింట ఒక వంతు ఆ భూసంధి మీదనే పూడ్చబడ్డారని తానే లెక్క చెప్పాడు. ఒక బండి, ఒక జంతువు, ఒక రోజు ఆలస్యం ఎన్ని ప్రాణాలతో సమానమో గ్రాంట్ అక్కడ నేర్చుకున్నాడు. షెర్మన్ కూడా అంతే. సైన్యంలో సరుకుల అధికారిగా, శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాంకు అధికారిగా పద్దులు రాసినవాడు. 1864లో సముద్రతీరం దాకా సాగిన దండయాత్ర గురించి రాస్తూ ఆయన 2,500 బళ్ళు, 600 అంబులెన్సులు అని లెక్క చెప్పే వాక్యాలను దాటేసి మనం తగలబడుతున్న పట్టణాల దగ్గరికి పరుగెత్తుతాం. గుమాస్తాగిరీ తెలిసినవారే గొప్ప సేనాపతులయ్యారు. ఈ విషయం వారు దాచలేదు, మనమే పుటలు తిప్పేశాం.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది సాహిత్యాభిమానులది. పద్దు పుస్తకంలో రసమేముంది, ఉల్లిపాయల లెక్క సాహిత్యమెలా అవుతుంది అంటారు. వారికి వారి ఇంట్లోని గ్రంథాన్నే చూపిస్తాను. వ్యాసభారతం ఉద్యోగపర్వంలో పాండవుల శిబిర వర్ణన ఉంది. అందులో ఆయుధాలూ ఆహారమూ నింపిన గుడారాలతో పాటు, జీతమిచ్చి నియమించిన శిల్పులు, పరికరాలతో సిద్ధంగా ఉన్న వైద్యులు కనిపిస్తారు. భీష్మపర్వంలో అంపశయ్య దగ్గరికి బాణాలు తీసే నిపుణులైన వైద్యులు వస్తారు. భీష్ముడు వారికి ధనమిచ్చి పంపించమంటాడు. చికిత్స నిరాకరించిన వృద్ధుడు మనకు గుర్తున్నాడు, సిద్ధంగా వచ్చిన వైద్యులు గుర్తులేరు. కౌటిల్యుడు శస్త్రాలు, మందులు, నూనెలు, కట్టుగుడ్డలు పట్టుకున్న చికిత్సకులు, అన్నపానాలు మోసే స్త్రీలు సేన వెనుక నిలబడాలని విధించాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రను ఇప్పటికీ చదువుతున్నామంటే కారణమేమిటి? ఏ మజిలీలో దిగవచ్చు, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాలి అన్న ఆ పొడి వివరాలే కదా. మన సంప్రదాయానికి లెక్కలంటే చిన్నచూపు లేదు. అది మనం తర్వాత తెచ్చిపెట్టుకున్నది.

దక్కను యుద్ధాలను తీసుకోండి. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్ళి, ఎద్దులు చచ్చి, తిండి కరువై, తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. మరుసటి ఏడు తిరిగి వచ్చి టిప్పుపై గెలిచాడంటే, వేలాది ఎద్దుల మీద ధాన్యం మోసిన బంజారాలు, మన భాషలో లంబాడీలు, అందుకొక ముఖ్య కారణం. సేనలకు తిండి పెట్టిన ఆ జాతివారినే తర్వాతి తరంలో, రైళ్ళు వచ్చి వారి ఎద్దుల అవసరం తీరిపోయాక, 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాల కింద చాలాచోట్ల నమోదు చేశారు. కార్న్‌వాలిస్ శిలావిగ్రహాలు మిగిలాయి. ఏ లంబాడీ నాయకుని పేరు మన పాఠ్యపుస్తకాలలో ఉంది?

రెండో అభ్యంతరం బరువైనది. దానిని తేలిక చేయను. సైన్యపాలన ఎంత సమర్థమైతే ఆక్రమణ అంత సులువవుతుంది కదా, దానిని పొగడడమెందుకు అని అడగవచ్చు. నిజమే. అంతర్యుద్ధానికి ముందు లెటర్మన్ కూడా ఫ్లోరిడాలో, న్యూ మెక్సికోలో, కాలిఫోర్నియాలో ఆదివాసుల మీద సాగిన దండయాత్రలలో వైద్యుడిగా పనిచేసినవాడే. ఆయన కరుణకు ఒక సరిహద్దు ఉంది. ఆ సరిహద్దు సైన్యపు జీతాల పట్టీతో ఆగుతుంది. 1864లో, అంబులెన్సు చట్టం వచ్చిన ఏడాదే, అదే సైన్యం నవాహో ప్రజలను వందల మైళ్ళు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్కె రెడోండోలో నిర్బంధించింది. ఎనిమిది వేలమందికి పైగా మనుషులు, చాలని రేషను, ఉప్పునీళ్ళు, పురుగు పట్టిన పంట. 1868 ఒప్పందంతో తిరిగి వెళ్ళనిచ్చే లోపల వేలల్లో మరణించారు. వారిని ఏ మహాసేనాపతి వ్యూహమూ చంపలేదు. రేషను లెక్కలు చంపాయి.

అందుకే ఆ లెక్కలు చదవాలంటున్నాను. పాలన పవిత్రమని కాదు, అక్కడే నిర్ణయాలు జరుగుతాయి గనుక. ఎవరికి బండి, ఎవరికి నడక. ఎవరికి ఉల్లిపాయ, ఎవరికి పురుగుల పిండి. మంచికైనా చెడుకైనా సంతకం పడేది అక్కడ. సేనాపతి గుర్రం మీద కళ్ళు పెట్టినవాడు రెండింటినీ చూడలేడు. బోస్కె రెడోండో తప్పించుకునేది కూడా మన వీరారాధన చాటునే.

మూడో అభ్యంతరం: ఇదంతా గడిచిపోయిన కథ, లెటర్మన్ పాఠం ప్రపంచం నేర్చుకుంది, ఇంకేమిటి అని. నేర్చుకోలేదు. నేర్చుకుని మరిచిపోయింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికాలో శత్రువు కాలు కూడా పెట్టని శిబిరాలలో, స్వదేశంలో, సొంత సైనికులకు 20,000కు పైగా టైఫాయిడ్ కేసులు వచ్చాయి. సుమారు 1,500 మంది చనిపోయారు. ఆ యుద్ధంలో రణరంగంలో మరణించిన అమెరికన్లు నాలుగు వందల లోపే. వాల్టర్ రీడ్, వాన్, షేక్‌స్పియర్ అనే ముగ్గురు వైద్యుల సంఘం విచారించి కారణం తేల్చింది: మలం, ఈగలు, మురికి చేతులు. అంతకన్నా లోతైన కారణం మరొకటుంది. మరుగుదొడ్లు ఎక్కడ తవ్వాలో వైద్యుడు చెబుతాడు, వినాలో లేదో దళపతి నిర్ణయిస్తాడు. హారిసన్స్ లాండింగ్ వద్ద లెటర్మన్ చెత్త పూడ్పించి ముప్పై ఆరేళ్ళు. ఆయన పుస్తకం అచ్చులో ఉంది. కాని సైనిక పాఠశాలలలో గెటిస్‌బర్గ్ పటాలు నేర్చుకున్నవారికి అది అవసరమనిపించలేదు.

మన నేల మీద కూడా ఆ ఏళ్ళలోనే ఇలాంటిదే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేటలో, సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ప్రపంచ వైద్య చరిత్రలో అంతటి రోజులు కొద్ది. కొద్ది వారాలకే సైన్యపాలన ఆయనను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. పరిశోధించడానికి అక్కడ రోగులు లేరు. నెలలు వృథా అయ్యాయి. మిగిలిన పని కలకత్తాలో పక్షుల మలేరియా మీద పూర్తి చేయవలసి వచ్చింది. ఒక ఉత్తర్వు బుల్ రన్‌ను యాంటీటమ్ చేయగలిగినట్లే, ఒక ఉత్తర్వు ఒక మహా పరిశోధనను దారిలో ఆపగలదు. మనం రాస్‌ను స్మరిస్తాం, మంచిదే. ఆ బదిలీ కాగితాన్ని కూడా స్మరించాలి.

లెటర్మన్ చివరి రోజులు ఈ తీరంలోనే గడిచాయి. దక్షిణ కాలిఫోర్నియాలో చమురు తవ్వకాల కంపెనీలో పనిచేశాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1867లో భార్య మరణించింది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రజలు ఆయనను మరణ విచారణాధికారిగా ఎన్నుకున్నారు. వేలాదిమంది చావకుండా చూసినవాడికి చచ్చినవారిని లెక్కపెట్టే ఉద్యోగం దొరికింది. 1872 మార్చిలో, నలభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశాడు. 1898 యుద్ధపు రోగుల కోసం ప్రెసీడియోలో వెలసిన సైనిక ఆసుపత్రికి 1911లో ఆయన పేరు పెట్టారు. తొంభైలలో ఆ ఆసుపత్రి మూతపడింది, తర్వాత కూల్చివేశారు. 2005 నుంచి ఆ చోట లెటర్మన్ పేరుతో ఉన్నది సినిమా కళల ప్రాంగణం. స్టార్ వార్స్ తీసిన సంస్థ అక్కడ ఉంది. ముంగిట యోడా బొమ్మతో ఒక ఫౌంటెన్. మన పిల్లలు అక్కడ నిలబడి ఫొటోలు దిగుతారు. నిజమైన యుద్ధంలో నిజమైన మనుషులను ఎత్తినవాని పేరు మీద, ఎవరూ ఎత్తనక్కరలేని మృతులతో నిండిన యుద్ధాల బొమ్మ. ఆ సంస్థ మీద నాకు కోపం లేదు. మన అరలలోని పుస్తకాలు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనినే అది వెలుగుల్లో చేస్తోంది.

కాబట్టి నా కోరిక చిన్నది. ఈసారి యుద్ధం మీద ఏ పుస్తకం చేతికి తీసుకున్నా, అది అమెరికాదైనా పల్నాటిదైనా బొబ్బిలిదైనా, మూడు ప్రశ్నలు అడగండి. వీరికి తిండి ఎక్కడినుంచి వచ్చింది? పడినవారిని ఎవరు ఎత్తారు? ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిది? సమాధానం లేని పుస్తకం ఎంత అందంగా రాసినా యుద్ధం గురించిన పుస్తకం కాదు, యుద్ధం గురించిన పద్యం మాత్రమే. పద్యాలు చదువుదాం, తప్పులేదు. వాటిని చరిత్ర అని మాత్రం పిలవవద్దు. లెటర్మన్ గ్రంథానికి ఎప్పుడో హక్కులు తీరిపోయాయి. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. తెలుగు చేయదలచినవారు ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.